అరణ్యమని పేరుపొందిన కొండసీమ

ఫ్రాన్సు దేశమనగానే మనకు పారిస్ పట్టణము, ఈఫిల్ టవరు గుర్తుకు వస్తాయి. కొంచెం చరిత్ర చదివినవారు నెపోలియన్ పేరు చెబుతారు. కాని ఆ దేశమునకు దక్షిణాన, మధ్యధరా సముద్రపు ఒడ్డు నుండి రెండు గంటలు పైకి వెళితే ఒక కొండసీమ ఉన్నది. యాత్రికుల బస్సులు అటు పెద్దగా పోవు. ఆ సీమ పేరు సెవెన్. సెవెన్ అన్నారు గదా అని ఏడు కొండలనుకోకండి. ఆ పేరుకు ఇంగ్లీషు అంకెతో ఏ సంబంధమూ లేదు. కొండలా, అవి లెక్కకు అందనన్ని.

ఆ కొండలలో రహస్యముగా దేవుని ఆరాధించిన ప్రొటెస్టెంటు విశ్వాసులు తమ కూడిక స్థలములకు, తమ కష్టకాలమునకు కూడ ఒకే పేరు పెట్టుకున్నారు. "అరణ్యము" అన్నారు. ఇశ్రాయేలీయులు నలువది సంవత్సరములు తిరుగులాడిన అరణ్యము ఉన్నది చూశారా, ఆ మాటే. వీరి అరణ్యవాసము మాత్రము నలభై ఏళ్లతో తీరలేదు. 1685 నుండి 1787 వరకు, అంటే నూటరెండు సంవత్సరములు సాగినది. తాత మొదలుపెట్టినది మునిమనుమడు ముగించాడన్నమాట.

2019 ఆగస్టు చివరలో జెనీవాలో ఒక సంఘ సమావేశమునకు వెళ్లే అవకాశము నాకు కలిగింది. అక్కడ పరిచయమైన ఒక ఫ్రెంచి పాస్టరుగారు, పదవీ విరమణ చేసిన పెద్దాయన, ఇంత దూరం వచ్చారు కదా, మా కొండలు చూడకుండా పోతారా అని పట్టుబట్టారు. ఆయన పుట్టినది సెవెన్‌లోనే. జెనీవా నుండి రైలులో నీమ్ పట్టణము, అక్కడి నుండి చిన్న రైలులో ఆలెస్. ఆలెస్‌లో ఆయన పాత కారు ఎక్కినది మొదలు అయిదు రోజులు నేను చూసినవి, విన్నవి మన కుటుంబాలతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాను.

ముందు నేల సంగతి చెప్పాలి. మనం పల్లెలవాళ్లము, నేల తెలియకుండా మనుషులు అర్థం కారు.

ఆ కొండల రాయి పలకలు పలకలుగా ఊడివస్తుంది. ఇళ్ల గోడలు ఆ పలకలే, పైకప్పులూ ఆ పలకలే. సమతలంగా ఉన్న భూమి అరచేయంత కూడ దొరకదు. కాబట్టి పూర్వులు కొండవాలును మెట్లు మెట్లుగా తొలిచారు. సున్నము, మట్టి ఏమీ లేకుండా రాయిమీద రాయి పేర్చి కట్టు కట్టి, దాని వెనుక మట్టి నింపి, ఒక్కొక్క మెట్టును ఒక చిన్న చేనుగా చేసుకున్నారు. కొన్ని మెట్లు ఎంత ఇరుకంటే అరక తిరగదు, అంతా పారపనే. వాన వచ్చి మట్టి కిందికి కొట్టుకుపోతే, ఆ మట్టినే బుట్టలకెత్తి వీపున మోసి మళ్లీ పైకి చేర్చేవారట. ఏటేటా అదే పని. పాస్టరుగారు కారు ఆపి ఒక కొండవైపు చూపించారు. అడుగు నుండి శిఖరము దాకా రాతిమెట్లు, ఇప్పుడు సగానికి పైగా పొదలు కమ్మేశాయి. ఎన్ని తరాల వీపులు వంగి ఉంటే ఆ కొండ అలా తయారైందో!

వాన అంటే అక్కడ తుంపర కాదు. వేసవి అంతా నది ఎండి రాళ్లు తేలుతుంది. శరత్కాలములో సముద్రము మీదుగా వచ్చే వెచ్చని తేమగాలి ఈ కొండలకు కొట్టుకొని ఒక్కసారిగా కురిసేస్తుంది. 2002 సెప్టెంబరు 8, 9 తేదీలలో ఆండ్యూజ్ అనే ఊరిలో ఇరవైనాలుగు గంటలలో ఆరువందల మిల్లీమీటర్లకు మించి వాన పడింది. మన మెట్టప్రాంతాలలో చాలాచోట్ల ఏడాదంతా కురిసే వాన అది! గార్దోన్ నది పొంగి ఇళ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి, ప్రాణనష్టమూ జరిగింది. నేను వెళ్లినప్పుడు ఆ నదిలో పిల్లలు మోకాలిలోతు నీటిలో ఆడుకుంటున్నారు. చూస్తే నమ్మలేము.

ఇటువంటి నేలమీద గోధుమ ఎక్కడ పండుతుంది? అందుకే ఆ జనము చెట్టు నుండి రొట్టె తిన్నారు. చెస్ట్‌నట్ అనే పెద్ద వృక్షము, ముళ్ల పెట్టెలాంటి తొడుగులో గోధుమరంగు గింజలు కాస్తుంది. అక్కడివారు దానిని "రొట్టె చెట్టు" అనే అంటారు. అక్టోబరు, నవంబరు నెలలలో ఇంటిల్లిపాదీ గింజలు ఏరతారు. ప్రతి తోటలోను రెండంతస్తుల చిన్న రాతి గది ఒకటి ఉంటుంది, దాని పేరు క్లెద్. పై అంతస్తు నేల కర్రబద్దలు ఎడమెడంగా పరచినది. ఆ బద్దలమీద గింజలు పోసి, కింద మంట లేవకుండా పొగతో సన్నని సెగ పెడతారు. మూడు నాలుగు వారాలు ఆ సెగ ఆరకూడదు. రాత్రిళ్లు ఎవరో ఒకరు కాపలా ఉండవలసినదే. తరువాత గోనెలో వేసి బాది పొట్టు ఊడగొడితే తెల్లని గట్టి గింజలు వస్తాయి, సంవత్సరము నిలువ ఉంటాయి. ఆ గింజలతో కాచిన చారును బజానా అంటారు. పాస్టరుగారి చెల్లెలి ఇంటిలో నాకు అది పెట్టారు. కొంచెం తీపి, కొంచెం పొగవాసన. ఇందులో కాస్త పచ్చిమిరపకాయ పడితే ఎంత బాగుండును అనిపించిన మాట నిజమే గాని, ఆ పొగవాసన మాత్రము ఇప్పటికీ నాలుకమీద ఉన్నది.

రెండవ రోజు మియలే గ్రామము దగ్గర మాస్ సుబేరాన్ అనే పల్లెకు వెళ్లాము. నాలుగైదు రాతి ఇళ్లు, అంతే. అందులో ఒక ఇల్లు రోలాన్ అని పేరుపడిన పియర్ లపోర్త్ పుట్టిన ఇల్లు. 1911 నుండి ఆ ఇల్లే "అరణ్యపు మ్యూజియము". ఆ ఇంటిలో నేను చూసినవాటిని గురించి చెప్పేముందు, జరిగిన కథ క్లుప్తముగా చెప్పాలి.

1598లో నాలుగవ హెన్రీ రాజు నాంట్ శాసనము ద్వారా ఫ్రాన్సులోని ప్రొటెస్టెంటులకు, అంటే హ్యూగెనాట్లకు, ఆరాధన చేసుకొనే హక్కు ఇచ్చాడు. అతని మనుమడు పదునాలుగవ లూయీ 1685 అక్టోబరులో ఆ శాసనమును రద్దుచేశాడు. మందిరములు నేలమట్టము చేయించాడు. పాస్టర్లకు రెండే దారులు: మతము మార్చుకోవాలి, లేదా పదిహేను రోజులలో దేశము విడువాలి. సంఘస్థులకు ఆ రెండవ దారి కూడ లేదు, దేశము దాటితే శిక్ష. పట్టుబడిన మగవారిని రాజుగారి ఓడలలో గొలుసులకు కట్టి తెడ్లు వేయించేవారు. ఆడవారిని చెరలో వేసేవారు. పిల్లలకు రోమన్ కాథలిక్కు గురువుచేతనే బాప్తిస్మము ఇప్పించాలి. అయినా సుమారు రెండు లక్షలమంది ఇతర దేశాలకు తప్పించుకుపోయారు. పోలేనివారు ఉండిపోయారు. సెవెన్ రైతు పోలేనివాడు. ఆ రాతికట్టు చేను ఎత్తుకొని ఎక్కడికి పోతాడు?

ఇక్కడ ఒక విషయము దాచకూడదు. చాలామంది సంతకము పెట్టేశారు. ఇళ్లలో గుర్రపు సైనికులను దింపి, తిండి పెట్టించి, నిద్రపోనీయకుండా చేస్తే ఊళ్లకు ఊళ్లు సంతకాలు పెట్టాయి. వారికి ప్రభుత్వము "క్రొత్తగా మారినవారు" అని పేరు పెట్టింది. పగలు వారు గుడికి వెళ్లి పూజ విన్నారు. రాత్రి తలుపు గడియవేసుకొని, బైబిలు తీసి, పిల్లలకు కీర్తనలు నేర్పారు. మన కథలలో విశ్వాసవీరులు ఎప్పుడూ సింహపు గుహలో నిలబడినవారే. కాని సెవెన్ సంఘము నిలిచినది ఎక్కువగా వీరివలననే. భయపడి సంతకము పెట్టి, పెట్టినందుకు ఏడ్చి, గుట్టుగా దీపము ఆర్పకుండా కాపాడుకొన్న తల్లులు, అమ్మమ్మలు. వారిని చిన్నచూపు చూడటానికి నాకైతే మనసొప్పలేదు.

మ్యూజియములో ఆ తల్లుల వస్తువులే ఎక్కువ. కొప్పులో దాచుకొనేందుకు వీలుగా అచ్చువేసిన బొటనవేలంత చిన్న పుస్తకాలు. ముక్కలుగా విప్పి జేబులో వేసుకొనగలిగిన ప్రభురాత్రి భోజనపు గిన్నెలు. మడిచి మోసుకుపోగలిగిన ప్రసంగపు బల్ల. సీసముతో పోసిన చిన్న బిళ్లలు ఉన్నాయి. ప్రభు బల్లకు వచ్చే విశ్వాసి ఆ బిళ్ల చూపాలి, లేనివాడు వేగులవాడు కావచ్చు. కూడికలు కొండలోయలలో, గుహలలో, తరచు రాత్రులందు. కాపలాకు ఎత్తైన బండలమీద మనుషులు. సైనికులు చుట్టుముడితే పారిపోయినవాడు పారిపోగా, దొరికినవాడు ఓడకు, దొరికినది చెరకు. ప్రసంగీకుడు దొరికితే ఉరికొయ్య. నీమ్‌లో పుట్టిన క్లోద్ బ్రూసన్ అనే న్యాయవాది తన వృత్తి వదలి ఈ కొండలలో వాక్యము చెప్పుతూ తిరిగాడు. 1698లో మోంపెల్లియేలో ఆయనకు మరణశిక్ష అమలుచేశారు.

పాస్టర్లు లేని సంఘము ఏమవుతుంది? గొర్రెల కాపరి పిల్లలు, చదువురాని పడుచులు ప్రవచనాలు చెప్పసాగారు. కొందరు పశ్చాత్తాపమును గురించి చెప్పారు, మరికొందరు కత్తి పట్టమన్నారు. 1702 జూలై 24 రాత్రి పోన్ ద మోన్వేర్ అనే కొండ ఊరిలో ఒక గుంపు కీర్తన పాడుతూ వచ్చి, విశ్వాసులను బంధించి ఉంచిన ద్యు షేలా అనే గురువు ఇంటిని ముట్టడించి, చెరలోనివారిని విడిపించి, అతనిని చంపింది. యుద్ధము మొదలైంది. రైతులు, ఉన్ని దువ్వేవారు, రొట్టెలు కాల్చేవారు రెండేళ్లపాటు రాజు సైన్యాన్ని ఎదిరించారు. కమిజార్లని వారికి పేరు. వారి నాయకులలో ఒకడైన జాన్ కవాలియే రొట్టెల దుకాణములో పనినేర్చుకున్న ఇరవైయేళ్ల కుర్రవాడు. వారు కొన్ని వేలమంది, ఎదుట ఇరవై వేలకు మించిన సైన్యము. 1703 శరత్కాలములో సైన్యము నాలుగువందలకు పైగా పల్లెలను తగులబెట్టింది, తిరుగుబాటుదారులకు తిండి, నీడ దొరకకూడదని.

పోన్ ద మోన్వేర్ వంతెనమీద నిలబడి పాస్టరుగారు ఈ కథ చెప్పుతుంటే నేను ఆయనను సూటిగా అడిగాను: వీరిని మీరు హతసాక్షులంటారా? ఆయన వెంటనే జవాబివ్వలేదు. కొంతసేపటికి, 1703 ఫిబ్రవరిలో కమిజార్లు ఫ్రేసినే ద ఫూర్క్ అనే కాథలిక్కు గ్రామముమీద పడి స్త్రీలను, పసిపిల్లలను కూడ చంపిన సంగతి చెప్పారు. చిన్నప్పుడు తనకు బడిలో గాని, ఇంటిలో గాని ఎవరూ ఆ ఊరి పేరు చెప్పలేదట. ఆ ఊరి పేరు కూడ చెప్పకుండా ఈ వంతెన కథ చెప్పకూడదని తరువాత ఆయన నియమము పెట్టుకున్నారట. నాకు ఆయనమీద గౌరవము పెరిగింది. బాధపడిన ప్రజలమని చెప్పుకొనేటప్పుడు మనము బాధపెట్టిన లెక్క మరచిపోవడం ఎంత సులభము!

రోలాన్ 1704 ఆగస్టులో చంపబడ్డాడు. కవాలియే సంధి చేసుకొని దేశము విడిచి, తరువాత ఇంగ్లాండు సైన్యములో పనిచేశాడు. కత్తి ఓడిపోయింది. కాని కథ అక్కడ ఆగలేదు. 1715 ఆగస్టు 21న, అంతోయిన్ కూర్ అనే యువకుడు ఈ కొండల అంచున ఒక పల్లె ఇంటిలో కొద్దిమంది సేవకులను సమావేశపరచాడు. ఆయుధము పట్టరాదు, ప్రవచనముకన్న వాక్యమునకే అధికారము ఉండాలి, ప్రతి ఊరిలో పెద్దలను నియమించాలి, ఇవే వారి తీర్మానముల సారము. నా దృష్టిలో ఆ చిన్న సమావేశము కమిజార్ల యుద్ధాలన్నింటికంటె పెద్దది. తరువాత స్విట్జర్లాండులోని లొజాన్‌లో పాస్టర్లను తయారుచేసే పాఠశాల నడిచింది. అక్కడ చదువు పూర్తిచేసుకొని ఫ్రాన్సుకు తిరిగి వచ్చేవాడికి ఉద్యోగము, జీతము కాదు ఎదురుచూసేది, ఉరికొయ్య. అది తెలిసే చదివారు, తెలిసే వచ్చారు.

సెప్టెంబరు మొదటి ఆదివారము ఇదే మాస్ సుబేరాన్‌లో, చెట్లకింద, వేలాదిమంది కూడి ఆరాధన చేస్తారు. మ్యూజియము మొదలైన కాలము నుండి వస్తున్న ఆనవాయితీ. ఆ ఆదివారము నేను అక్కడ ఉండడము ప్రభువు కృప. ఉదయము వాక్యము, ప్రభు బల్ల, మధ్యాహ్నము చరిత్ర ప్రసంగములు. బల్లలు తక్కువ, ఎక్కువమంది గడ్డిమీదనే. ఇంటినుండి తెచ్చుకొన్న రొట్టె, జున్ను విప్పి నాకూ పెట్టారు. వారు కీర్తనలు నెమ్మదిగా, బరువుగా పాడతారు. 68వ కీర్తన మొదలుపెట్టగానే పెద్దవాళ్లందరూ లేచి నిలబడ్డారు. కమిజార్లు యుద్ధానికి పోతూ పాడిన కీర్తన అది. భాష నాకు రాదు, అయినా ఒళ్లు జలదరించింది. ఇంకొక చిన్న సంగతి: అక్కడి ప్రొటెస్టెంటులు తమ మందిరమును చర్చి అనరు, "తాంప్ల్" అంటారు, అంటే టెంపులే! లోపల బొమ్మలు లేవు, అలంకారము లేదు, బల్లమీద తెరచిన బైబిలు ఒక్కటి.

పొలాల మధ్య అక్కడక్కడ రెండు మూడు సరుగుడు చెట్లలాంటి సన్నని పొడవాటి చెట్లు కనబడతాయి. సైప్రస్ చెట్లు అవి. ప్రొటెస్టెంటులకు ఊరి శ్మశానములో చోటు ఇవ్వని రోజులలో తమవారిని తమ చేనులోనే పాతిపెట్టుకొని ఆ చెట్టు నాటారు. ఇప్పుడు చోటు ఉన్నది. అయినా కొన్ని కుటుంబాలు నేటికీ అలాగే చేస్తాయట.

మూడవ రోజు సెయింట్ జాన్ దు గార్ ఊరు. హిందూపురం, మదనపల్లె, పలమనేరు వైపు మన పాఠకులు ఇది శ్రద్ధగా చదవాలి, ఎందుకంటే ఇది పట్టుపురుగుల ఊరు.

1709 శీతాకాలములో వచ్చిన భయంకరమైన చలికి ఈ ప్రాంతములో ఓలివ, చెస్ట్‌నట్ చెట్లు మాడిపోయాయి. బదులుగా రైతులు మల్బరీ విరివిగా నాటారు. చెస్ట్‌నట్ రొట్టె చెట్టు అయితే మల్బరీ "బంగారు చెట్టు" అయింది. పట్టుపురుగుల కోసము ఇంటిమీద మరొక అంతస్తు లేపారు, నాలుగు మూలల పొయ్యిలు పెట్టారు. ఇప్పటికీ అక్కడి పాత ఇళ్లు అందుకే అంత ఎత్తుగా ఉంటాయి. గుడ్లు పొదగడానికి ఆడవాళ్లు చిన్న సంచిలో వేసి బట్టల లోపల ఒంటికి కట్టుకొని తిరిగేవారు. పురుగు నాలుగుసార్లు చర్మము విడుస్తుంది, మన రైతులు జ్వరము అంటారే, అదే. చివరి జ్వరము తరువాత వాటి ఆకలి చెప్పనలవి కాదు. ఇరవైఅయిదు గ్రాముల గుడ్ల నుండి వచ్చిన పురుగులకు సుమారు ఒక టన్ను ఆకు కావాలి. అవి నమిలే చప్పుడు రేకుమీద వాన పడ్డట్టు ఉండేదని ఎనభై దాటిన ఒక ముసలామె నాతో అన్నది. ఆమె చిన్నతనములో ఆ నెలరోజులు పిల్లలు నేలమీద పడుకొనేవారట, మంచాలు ఉన్న గది పురుగులకు ఇచ్చివేసి! ఇక నూలు తీసే మిల్లులలో పడుచుపిల్లలు మరుగుతున్న నీటిలో చేతులుపెట్టి గూటి నుండి దారపుకొస వెదికేవారు. ఆ ఊరి మేజోన్ రూజ్ మిల్లు 1838లో కట్టినది, 1965లో మూతపడింది. ఇప్పుడు అదే మ్యూజియము.

1853లో ఫ్రాన్సు మొత్తము మీద సుమారు 26,000 టన్నుల పట్టుగూళ్లు పండాయి. తరువాత పురుగులకు తెగులు వచ్చింది. ఒంటిమీద మిరియపు పొడి చల్లినట్టు నల్లని చుక్కలు. అక్కడి మాటలో మిరియము "పెబ్రె", అందుకే దానిని పెబ్రిన్ అన్నారు. పన్నెండేళ్లలో దిగుబడి అయిదవ వంతు దరిదాపులకు పడిపోయింది. ఊళ్లు ఆకలికి చిక్కుకున్నాయి. 1865 జూన్‌లో ప్రభుత్వము లూయీ పాశ్చర్‌గారిని ఆలెస్‌కు పంపింది. ఆయన అంతవరకు పట్టుపురుగును చూడనేలేదు. దారిలో ఫాబర్ అనే కీటకశాస్త్రజ్ఞుని ఇంట ఒక గూడు చేతికిస్తే, చెవి దగ్గర ఊపి, లోపల ఏమైనా ఉన్నదా అని అడిగాడట! ఆ పనిలో ఉన్న సంవత్సరాలలోనే తండ్రి పోయాడు, ఇద్దరు కూతుళ్లు పోయారు, 1868లో పక్షవాతము వచ్చి ఎడమవైపు పడిపోయింది. అయినా విడువలేదు. భార్య, మిగిలిన కూతురు కూడ పురుగులు పెంచి సహాయపడ్డారు.

ఆయన కనిపెట్టిన ఉపాయము చాలా తేలిక. ప్రతి తల్లి చిలుకను విడిగా గుడ్లు పెట్టనివ్వాలి. తరువాత ఆ చిలుకను నూరి మైక్రోస్కోపు కింద చూడాలి. రోగపు కణాలు కనబడితే ఆ గుడ్లు కాల్చివేయాలి, లేకపోతే ఉంచాలి. అంతే. నేటికీ మన దేశములో పట్టుగుడ్లు తయారుచేసే గ్రైనేజీలలో తల్లి చిలుకను పరీక్షించే పద్ధతి ఇదే. మన అనంతపురం రైతు రోగము లేని గుడ్లు తెచ్చుకొంటున్నాడంటే దానికి మూలము ఈ కొండల కింద జరిగిన పని. ఆలెస్ తోటలో పాశ్చర్ విగ్రహము ఉన్నది. నేను పని కట్టుకొని వెళ్లి చూసివచ్చాను.

తెగులు పోయినా పూర్వపు రోజులు రాలేదు. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు, ఆసియా పట్టు చౌకగా దిగింది. తరువాత కృత్రిమ పట్టు వచ్చింది. అదే కాలములో చెస్ట్‌నట్ చెట్ల వేర్లకు తెగులు సోకింది. చెట్టు రెండు విధాలా చేయిచ్చాక మనిషి ఏమి చేస్తాడు? గనులకు, రైల్వే పనులకు, పట్టణాలకు వలసపోయారు. లోజేర్ జిల్లాలో 1851లో లక్షా నలభైనాలుగు వేలకు పైగా జనము. ఇప్పుడు ఎనభైవేలైనా లేరు. తలుపులు ఊడిన ఇళ్లు, పైకప్పు కూలిన క్లెద్‌లు దారిపొడవునా చూశాను. ఒక మందిరములో ఆదివారము ఆరాధన నెలకు ఒక్కసారేనని బోర్డు ఉన్నది. ప్రాణానికి తెగించి కాపాడుకొన్న మందిరాన్ని రాజు ఖాళీ చేయించలేకపోయాడు, బస్సు టిక్కెట్టు ఖాళీ చేయించింది అని పాస్టరుగారు నవ్వారు. నవ్వే గాని, నేను నవ్వలేకపోయాను. మన సంఘాలలో హైదరాబాదు, బెంగళూరు పోయిన యువతీయువకుల ఖాళీ చాపలు నా కళ్లముందు కదిలాయి.

అయితే అంతా ఖాళీ కాలేదు. 1968 తరువాత పట్టణాల నుండి కొందరు యువకులు తిరిగి కొండలెక్కారు. మేకలు పెంచి పెలర్దోన్ అనే చిన్న జున్ను చేసి బ్రతుకుతున్నారు. పాత మెట్ల చేలలో తీయని ఉల్లి పండిస్తున్నారు. ఆ ఉల్లికి 2003లో ప్రభుత్వము ప్రాంతపు గుర్తింపు ఇచ్చింది. పచ్చిదే కొరికి తినవచ్చు, కన్నీళ్లు రావు. జూన్‌లో గొర్రెల మందలు గంటలు మోగించుకుంటూ కింది మైదానాల నుండి లోజేర్ కొండమీది పచ్చికకు ఎక్కుతాయి. ఈ మెట్ల చేలు, ఈ మందల దారులు అన్నీ కలిపి 2011లో యునెస్కో వారసత్వ ప్రదేశముగా ప్రకటించారు. 1878లో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ అనే స్కాట్లాండు రచయిత మోదెస్తీన్ అనే గాడిదను వెంటబెట్టుకొని పన్నెండు రోజులు ఈ కొండలలో నడిచి పుస్తకము వ్రాశాడు. ఇప్పుడు ఆ దారిలో నడిచేవారికి అద్దెకు గాడిదలు దొరుకుతాయి. గాడిద జీవనోపాధి కూడ అయిందన్నమాట.

ఒక రాత్రి భోజనమైన తరువాత పాస్టరుగారి చెల్లెలు వాళ్ల ఇంటి అటక చూపించారు. 1942 తరువాత జర్మనీ నాజీల బారినుండి పారిపోయి వచ్చిన యూదులను ఈ కొండ గ్రామాలు ఇళ్లలో, కొట్టాలలో, క్లెద్‌లలో దాచాయి. ఆ సంవత్సరము సెప్టెంబరు 6న మాస్ సుబేరాన్ కూటమునకు వచ్చిన ఫ్రెంచి ప్రొటెస్టెంటు సంఘముల నాయకుడు మార్క్ బోయెగ్నర్ అక్కడికి వచ్చిన పాస్టర్లను కూర్చోబెట్టి, యూదులకు సహాయపడవలసిన బాధ్యతను గూర్చి మాట్లాడాడు. ఆ ఊళ్లవారికి దాచడము క్రొత్త పని కాదు. తలుపు ఎవరు తట్టారో ఎలా గుర్తుపట్టాలి, అడిగినవాడికి ఏమీ చెప్పకుండా ఎలా ఉండాలి, పిల్లల నోరు ఎలా కట్టాలి, ఇవన్నీ అవ్వలకు అవ్వలు నేర్పినవే. అటక చిన్నది, నేను వంగి లోపలికి వెళ్లవలసివచ్చింది. ఆ అటకలో ఇద్దరు పిల్లల తల్లి ఒక చలికాలము గడిపిందట. తరువాత ఎక్కడికి వెళ్లారో ఇంటివారికి తెలియదు.

చివరి రోజు కొండలు దిగి సముద్రతీరాన ఎగ్ మోర్త్ అనే కోట ఊరికి వచ్చాము. చుట్టూ ఉప్పుమళ్లు, దోమలు. ఊరి మూల కోన్‌స్టాన్స్ బురుజు, గోడ మందము ఆరు మీటర్లు. ఆరాధనకు వెళ్లిన నేరానికి పట్టుబడిన స్త్రీలను ఈ బురుజులో పెట్టేవారు. సెవెన్‌కు ఉత్తరాన ఉన్న వివరే ప్రాంతపు మరీ ద్యురాన్ 1730లో ఇక్కడికి వచ్చింది. వయసు పంతొమ్మిది. ఆమె నేరము అన్న పియర్ ద్యురాన్ అరణ్య సంఘములకు పాస్టరు కావడమే. 1732లో అన్నను మోంపెల్లియేలో ఉరితీశారు. ఆమె మాత్రము ముప్పది ఎనిమిది సంవత్సరములు ఆ గుండ్రని గదిలో ఉన్నది. తన విశ్వాసము వదులుకొంటున్నానని ఒక్క మాట చెబితే తలుపు తెరుస్తారు. కొందరు చెప్పి వెళ్లిపోయారు. ఆమె చెప్పలేదు. తోటి స్త్రీలకు చదివి వినిపించింది, రోగులకు పరిచర్య చేసింది, బయటి సంఘాలకు ఉత్తరాలు వ్రాసి బట్టలు, ఆహారము అడిగింది. ఆ ఉత్తరాలు కొన్ని నేటికీ ఉన్నాయి.

గది మధ్యలో నేలకు ఒక గుండ్రని రంధ్రము, దాని చుట్టూ రాతి అంచు. ఆ అంచుమీద ఎవరో గీకి గీకి ఒక మాట చెక్కారు. నిలిచి ఎదిరించుము అని దాని అర్థము. మరీ ద్యురానే చెక్కిందని చెబుతారు. అక్షరములలో తప్పులు ఉన్నాయి, చెక్కినది వడ్రంగి కాదు కదా, బహుశా అల్లిక సూదితో గీసి ఉంటారు. ఇప్పుడు దానిమీద చెయ్యి పెట్టనివ్వరు, చుట్టూ రక్షణ పెట్టారు. నా పక్కన ఒక చిన్న పాప అమ్మను ఏదో అడుగుతున్నది. పాస్టరుగారు చెప్పారు, ఆమె స్నానం ఎక్కడ చేసేది అని అడుగుతోందట. నాకూ అదే సందేహము.

1768 ఏప్రిల్‌లో బోవో ప్రభువు అనే అధికారి పూనికతో ఆమె విడుదలైంది. యాభైఆరేళ్ల వయసులో తన స్వగ్రామము బూషే ద ప్రాన్ల్‌కు తిరిగి వచ్చింది. ఇల్లు పాడైపోయి ఉన్నది, చేను అప్పుల పాలైంది. చెరలో తోడున్న ఒక వృద్ధురాలిని తనతో ఉంచుకొంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫ్రెంచి భాషా సంఘము పంపిన కొద్దిపాటి భృతితో ఇద్దరూ కాలము గడిపారు. 1776లో ఆమె చనిపోయింది. సహన శాసనము రావడానికి అప్పటికింకా పదకొండేళ్లు ఉన్నది. ఆ ఇల్లు ఇప్పుడు ఒక చిన్న మ్యూజియముగా ఉన్నదని, గుమ్మము పైన రాతిలో ఆ కుటుంబము చెక్కించుకొన్న మాటలు కనబడతాయని పాస్టరుగారు చెప్పారు. వెళ్లాలని ఎంతో ఉండెను గాని, మరుసటి ఉదయమే నా రైలు.